కప్పల తక్కెడ

నలుగురు ఒక మాట మీద నిలబడకపోతే ‘కప్పల తక్కెడ’ అంటాం. ఒకదాన్ని పళ్లెంలో పెట్టేలోపు ఇంకోటి దూకేస్తుంది, తూకం ఎప్పటికీ తేలదు. మా టీమ్‌లో సోమవారం మీటింగులకి నేను పెట్టుకున్న పేరు కూడా అదే. కానీ కప్పల్ని నిజంగానే తూచేవాళ్లున్నారని నాకు పోయిన ఏడాది దాకా తెలీదు. కప్పని కాదు, దాని ఒంటి మీద జిగురుని. అందులో ఉన్న ఒక్కో అణువునీ. హైడ్రోజన్ పరమాణువు బరువు ఒకటి అనుకుంటే, అందులో వందో వంతు తేడాని కూడా పట్టేసే తూకం అది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఇరవై ఎనిమిదేళ్లు. సొంతూరు శృంగవరపుకోట, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంటర్లో ఎంపీసీ కాబట్టి బయాలజీతో నా బంధం టెన్త్‌లోనే తెగిపోయింది. కప్ప గుండెకి మూడు గదులుంటాయన్నది ఒక్కటే గుర్తు. అలాంటివాణ్ని కప్ప చర్మం గురించి చదివేలా చేసింది నాన్న కాలు.

నాన్న ముప్పై ఏళ్లు అరకు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపారు. కోటలో బయల్దేరడం, అనంతగిరి మీదుగా అరకు వెళ్లడం, మళ్లీ దిగిరావడం. షుగర్ వచ్చి పదిహేనేళ్లు. పోయిన వేసవిలో ఎడమ కాలి రెండో వేలి కింద చిన్న పొక్కు లేచింది. చెప్పు కరిచిందనుకున్నారు. నొప్పి లేదు. షుగర్ ఉన్నవాళ్లకి పాదంలో నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమట. నేను ఊరికి వెళ్లేసరికి అది పుండు అయింది, పుండు కాస్తా ఆస్పత్రి అయింది.

మూడో రోజు చీము కల్చర్ రిపోర్టు వచ్చింది. చూడని వాళ్లకి చెప్తాను. ఎడమ వైపు యాంటీబయోటిక్ పేర్లు వరసగా ఉంటాయి, కుడివైపు ఒక్కో పేరుకీ ఒక్కో అక్షరం. ‘ఎస్’ అంటే ఆ మందుకి మీ ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా లొంగుతుంది. ‘ఆర్’ అంటే లొంగదు. నాన్న కాగితంలో పద్నాలుగు పేర్లున్నాయి. పదింటికి ఎదురుగా ఆర్. జీవితంలో ఎన్నో ఎర్రర్ లాగ్స్ చూశాను గానీ, అంత చిన్న కాగితం అంత భయపెట్టడం అదే మొదటిసారి.

ఆ రాత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. షుగర్ పుండ్లకి కొత్త మందులేమున్నాయి అని. అలా వెళ్లి వెళ్లి ‘పెక్సిగనాన్’ అనే పేరు దగ్గర ఆగాను. పాదం పుండ్ల కోసమే తయారు చేసిన పూత మందు. దాని పుట్టుక చదివితే, కప్ప.

అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో మైకేల్ జాస్లాఫ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన పని కప్ప చర్మం మీద కానే కాదు. ఆఫ్రికా నీటి కప్పల అండాశయాల్ని ఆపరేషన్ చేసి తీసుకునేవాడు, కుట్లు వేసి వాటిని మళ్లీ తొట్టిలో వదిలేసేవాడు. ఆ తొట్టి నీళ్లేమీ శుభ్రమైనవి కావు. అయినా కోసిన చోట చీము పట్టదు, వాపు రాదు, గాయం చక్కగా మానిపోతుంది. ఎందుకు? ఆ ప్రశ్న వెంటపడితే ఆ కప్ప చర్మంలో రెండు చిన్న పెప్టైడ్లు దొరికాయి. వాటికి ‘మగైనిన్’ అని పేరు పెట్టాడు. హీబ్రూలో మగేన్ అంటే డాలు. 1987లో ఆ పరిశోధన అచ్చయింది.

పెప్టైడ్ అంటే భయపడొద్దు. అమైనో ఆమ్లాలు అనే పూసలు గుచ్చిన చిన్న దండ. పూసల్లో ప్రధానంగా ఇరవై రకాలు. ఎక్కువ పూసలుంటే ప్రోటీన్ అంటాం, తక్కువుంటే పెప్టైడ్ అంటాం. మగైనిన్‌లో ఉన్నవి 23. ఏ పూస తర్వాత ఏ పూస అన్నదే దాని గుణం.

ఆలోచిస్తే కప్పకి ఇది తప్పదు. దానికి పొలుసుల్లేవు, జుట్టు లేదు, ఈకల్లేవు. చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి అది ఎప్పుడూ తడిగా ఉండాలి. తడి, బురద, కుళ్లిన ఆకులు: బ్యాక్టీరియాకి ఇంతకన్నా పెళ్లి భోజనం ఏముంటుంది? అందుకే చర్మం నిండా చిన్న చిన్న గ్రంథులు. ప్రమాదం వస్తే వాటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని, లోపలున్నదాన్ని పైకి చిమ్ముతుంది. అందులోని పెప్టైడ్లకి ధనావేశం ఉంటుంది. బ్యాక్టీరియా పైపొరకి రుణావేశం ఎక్కువ. వెళ్లి అతుక్కుని, పొరలో దూరి చిల్లులు పెడతాయి. మన కణాల బయటి పొరకి ఆ ఆవేశం పెద్దగా ఉండదు, పైగా కొలెస్టరాల్ ఉంటుంది, కాబట్టి కొంత తప్పించుకుంటాయి. మామూలు యాంటీబయోటిక్ చాలావరకు ఒక తాళంలో పట్టే ఒక తాళంచెవి లాంటిది. బ్యాక్టీరియా తాళం మార్చేస్తే కథ అయిపోయింది, కాగితం మీద ఆర్ పడుతుంది. ఇక్కడ గోడకే చిల్లు. గోడ మొత్తం మార్చుకోవడం అంత తేలిక కాదు. అసాధ్యం మాత్రం కాదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఇదంతా మర్నాడు పొద్దున్న ఇడ్లీ తింటూ నాన్నకి చెప్తుంటే పక్కన మా అత్త వింటోంది. విని, చాలా సీరియస్‌గా, “అయితే కప్పని పట్టి పుండు మీద రుద్దితే సరిపోద్దేటిరా?” అంది. నాన్న పది రోజుల తర్వాత అప్పుడే నవ్వారు. అత్త ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేదు. కప్ప ఒంటి మీద దానికి పనికొచ్చే జిగురుతో పాటు మనకి పనికిరాని సూక్ష్మజీవులూ ఉంటాయి. జిగురులో మందు లాంటివి ఉంటాయి, విషం లాంటివీ ఉంటాయి. ఏది ఏదో విడదీయకుండా రుద్దడం అంటే, తెలియని అటాచ్‌మెంట్‌ని ఆఫీసు లాప్‌టాప్‌లో తెరవడమే. ఆ విడదీయడానికే తూకం కావాలి.

నాన్న డిశ్చార్జ్ అయ్యాక జూలైలో మూడు రోజులు సెలవు దొరికింది. మా బావ అనంతగిరి మండలంలో టీచర్. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కాదండి, అది వేరే. ఇది మన్యంలోది. బొర్రా గుహలున్న మండలం. 2022 దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు. వీకెండ్ టూరిస్టులకి పగలు మాత్రమే తెలిసిన ఊరు. రీల్స్‌లో కనిపించే మంచు, బొంగు చికెన్, వ్యూ పాయింట్ అంతా పగటి సరుకు.

వాన పడ్డ రాత్రి అనంతగిరి వేరు. బావ, ఆయన స్టూడెంట్ ఒకడి తండ్రి, నేను టార్చిలు పట్టుకుని గెడ్డ పక్కకి వెళ్లాం. ఆ పెద్దాయన కాఫీ రైతు. శబ్దం అనను, అది గోడ. ఒకటి టకటకమని రాళ్లు కొట్టినట్టు, ఇంకోటి తలుపు కిర్రుమన్నట్టు, ఎక్కడో పైన ఆకుల్లోంచి పురుగు కూసినట్టు సన్నగా. పెద్దాయన ఒక్కోదానికీ చెయ్యి చూపించి, ఇది రాయి కింద ఉంటది, ఇది ఆకు మీద ఉంటది అని చెప్తున్నాడు. కాఫీ కడిగే తొట్టి గోడకి సబ్బు నురుగు ముద్ద అంటించినట్టు ఏదో కనిపించింది. “చెట్టు కప్ప గూడు బాబూ. గుడ్లు అందులోనే. పిల్లలు పెద్దయితే కింద నీళ్లలోకి రాలిపోతాయి” అన్నాడు. నేను వెంటనే ఫోన్ తీశాను. ఆయన నా ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, “ఫ్లాష్ వద్దు” అన్నాడు.

ఒక్క కప్పని కూడా ముట్టుకోలేదు. శాస్త్రం పేరు చెప్పినా సరే, అడవిలో వాటిని పట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఉండాలి కూడా. ఈ దేశం ఒకప్పుడు కప్ప కాళ్లని ఏటా వేల టన్నులు విదేశాలకి ఎగుమతి చేసింది. పొలాల్లో పురుగుల్ని తినేవాటిని మనమే ప్లేట్లలోకి పంపుతున్నామన్న గొడవ పెరిగి పెరిగి, చివరికి ఎగుమతి ఆపేశారు. అది కూడా 1987లోనే. ఒక దేశంలో కప్ప చర్మంలో మందు ఉందని తేలిన ఏడాది, మన దేశంలో కప్ప కాలు అమ్మడం ఆగింది. నేను పుట్టడానికి పదేళ్ల ముందు ఆ ఏడాదికి కప్పలతో ఏదో లెక్క ఉన్నట్టుంది. చూడండి, ఇంకా వస్తుంది.

అనుమతి ఉన్న పరిశోధకులు చేసే పని ఇలా ఉంటుంది. కప్పని చేత్తో పట్టుకుని, చర్మానికి కొన్ని సెకన్లు అతి తక్కువ కరెంటు తగిలిస్తారు, లేదా నోరెడ్రినలిన్ ఇస్తారు. గ్రంథులు బిగుసుకుని పాలలాంటిది ఊరుతుంది. దాన్ని నీళ్లతో కడిగి పట్టుకుంటారు. కప్పని చంపక్కర్లేదు, మళ్లీ దాని చోట వదిలేయొచ్చు. పట్టినదానికి వెంటనే కాస్త ఆమ్లం కలుపుతారు. లేకపోతే కప్ప ఎంజైములే ఆ పెప్టైడ్లని ముక్కలు చేసేస్తాయి. గడ్డకట్టించి ఎండబెడితే చిటికెడు తెల్లటి పొడి. అందులో పదుల, వందల రకాల పెప్టైడ్లు కలగలిసి ఉంటాయి. వాటిని విడగొట్టి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. తక్కెడ అదే.

ఇది నాన్నకి వివరించడం నా వల్ల కాలేదు, ఆయనే నాకు వివరించారు. ఒక రకం యంత్రంలో అణువులకి లేజర్ తగిలించి, ఆవేశం ఇచ్చి, అన్నిటికీ ఒకే తోపు తోసి ఖాళీ గొట్టంలోకి వదులుతారు, చివరికి ఎప్పుడు చేరిందో కొలుస్తారు అని చెప్పాను. “అంతేనా. ఒకే ఇంజను, ఖాళీ బస్సు, నిండు బస్సు. అనంతగిరి ఎక్కేటప్పుడు టైము చూస్తే ఎంతమంది ఉన్నారో చెప్పేస్తాను” అన్నారు. అంతే. తేలికది ముందు వస్తుంది, బరువైంది తర్వాత వస్తుంది. టైము నుంచి బరువు లెక్క కడతారు.

పెప్టైడ్ లాంటి పెద్ద, సున్నితమైన అణువుని పగలకుండా గాల్లోకి లేపడమే చాలాకాలం కుదరలేదు. కుదిర్చినవాళ్లలో ఒకాయన కోయిచి తనాకా. జపాన్‌లో షిమాడ్జు కంపెనీ ఉద్యోగి. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, పీహెచ్‌డీ లేదు. ఒకరోజు కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. పారేయడం ఎందుకులే అని దాంతోనే ప్రయోగం చేస్తే పనిచేసింది. 2002లో జాన్ ఫెన్, కుర్ట్ వుట్రిచ్‌లతో పాటు కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నాడు. బీటెక్‌తో ఆగిపోయామని బాధపడే మిత్రులకి ఈయన ఫొటో పంపుతుంటాను. ఆయన తన పద్ధతిని తొలిసారి ఒక సభలో చెప్పిన సంవత్సరం? చెప్పాగా, 1987.

మొత్తం బరువు తెలిస్తే సరిపోదు. దండలో పూసల వరస కావాలి. అందుకని దండని యంత్రం లోపలే విరగ్గొడతారు. ఒకటి మొదటి పూస దగ్గర విరుగుతుంది, ఒకటి రెండో పూస దగ్గర, ఇంకోటి మూడో దాని దగ్గర. ఈ ముక్కల బరువులన్నీ వరసగా పేర్చితే మెట్లలా కనిపిస్తాయి. పక్కపక్క మెట్ల మధ్య తేడా ఎంతో చూస్తే అక్కడ ఏ పూస ఉందో తెలుస్తుంది. తేడా 57 అయితే గ్లైసీన్, 71 అయితే అలనీన్, 147 అయితే ఫినైల్ అలనీన్. అచ్చంగా కోడింగ్ పజిల్. ఇంటర్వ్యూల కోసం మూడేళ్లు రుబ్బిన డైనమిక్ ప్రోగ్రామింగ్ నా జీవితంలో మొదటిసారి ఒక నిజమైన పనికి పనికొచ్చేలా కనిపించింది. ఆ శని, ఆదివారాలు కూర్చుని పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. జవాబు ముందే తెలిసిన మగైనిన్-2 బరువుల మెట్లు దానికిచ్చి, వరస నువ్వు చెప్పు అన్నాను.

జవాబు ఒకటి వస్తుందనుకున్నా. 128 వచ్చాయి.

బగ్ కాదు. లూసీన్, ఐసోలూసీన్ అని రెండు పూసలున్నాయి. రెంటిలో పరమాణువులు అవే, అమరిక వేరు. బరువు 113, దశాంశాల దాకా సమానం. ఏ తక్కెడా వాటి తేడా పట్టలేదు. లైసీన్, గ్లూటమీన్ అనే ఇంకో జంట ఉంది, రెండూ 128 దగ్గరే. తేడా 0.036 మాత్రమే. మంచి యంత్రమైతే పట్టుకుంటుంది, నాలా పూర్ణసంఖ్యలతో లెక్క వేస్తే పట్టుకోదు. మగైనిన్-2లో ఇలాంటి సందేహం పూసలు ఏడున్నాయి. రెండు చొప్పున ఏడుసార్లు హెచ్చిస్తే 128. పైగా నేనిచ్చిన మెట్లు పుస్తకంలోవి. అసలు యంత్రంలో మొదటి మెట్టు చాలాసార్లు కనిపించదు. అప్పుడు 57, 113 అనే రెండు అడుగుల బదులు 170 అనే ఒక్క గెంతు మిగులుతుంది. 170 అంటే గ్లైసీన్ ముందు లూసీన్ వెనక, లేదా తిరగేసి. లూసీన్ బదులు ఐసోలూసీన్‌తో మళ్లీ రెండు. అలనీన్, వాలీన్ కలిపినా 170, అవి ఇంకో రెండు. ఆ ఒక్క మెట్టు తీసేసి ప్రోగ్రామ్ నడిపితే జాబితా 384కి పెరిగింది. కప్పల తక్కెడలో కప్పలు నిజంగానే దూకుతున్నాయి.

దీనికి పరిశోధకుల దగ్గర ఉపాయాలున్నాయి. నాకు బాగా నచ్చింది ఒకటి చెప్తాను. కప్ప స్రావంలో పెప్టైడ్లతో పాటు వాటి తయారీ సూచన ఉన్న మెసెంజర్ ఆర్ఎన్ఏ కూడా దొరుకుతుంది. అంటే ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌తో పాటు సోర్స్ కోడ్ కూడా అదే చుక్కలో ఉంది. అది చదివితే అక్కడున్నది లూసీనో ఐసోలూసీనో తేలిపోతుంది.

అన్నీ తేలవు. దక్షిణ అమెరికా చెట్టు కప్ప ఒకదాని చర్మంలో 1981లో ‘డెర్మార్ఫిన్’ దొరికింది. ఏడంటే ఏడు పూసలు, నొప్పి తగ్గించడంలో మార్ఫీన్‌ని మించిపోతుంది. (అమెరికాలో గుర్రప్పందేల వాళ్లు దీన్ని గుర్రాలకి ఎక్కించి 2012లో దొరికిపోయారు. మనిషి బుర్ర.) ఆ ఏడు పూసల్నీ మామూలుగా తయారుచేసి చూస్తే అది పనిచేయదు. రెండో పూస అలనీన్ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండాలి. జీన్‌లో ఉన్నదేమో మామూలు అలనీనే, తర్వాత కప్ప ఒంట్లో దాన్ని తిప్పేస్తున్నారు. ఆ సంగతి తేల్చిన పేపర్ కూడా 1987దే, ఇక నేనేం చెప్పను. బరువులో తేడా లేదు, సోర్స్ కోడ్‌లో తేడా లేదు. నాన్నకి డాక్టర్ రాసిచ్చిన ఎంసీఆర్ చెప్పులు చూస్తుంటే అర్థమైంది. కుడి చెప్పు, ఎడమ చెప్పు త్రాసులో వేస్తే సమానం. కాలికి వేసుకుంటేనే తేడా తెలుస్తుంది.

ఈ పని అంతా ఎక్కడో విదేశాల్లో జరుగుతుందని నేనూ అనుకున్నాను. నేను రోజూ మెట్రోలో దాటే హబ్సిగూడ దగ్గరే సీసీఎంబీ ఉంది. పక్కనే తార్నాకలో ఐఐసీటీ, అందులో మాస్ స్పెక్ట్రోమెట్రీకి ఒక జాతీయ కేంద్రం. సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు బ్యాక్టీరియాని చంపే పెప్టైడ్ల మీద పనిచేశారు. 2001 ప్రాంతంలో ఆయన ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పరిశోధన బ్రెవినిన్-1ఈ మీద. యూరప్ కప్పలో దొరికిన 24 పూసల పెప్టైడ్. బ్యాక్టీరియాని బాగా చంపుతుంది. చిక్కేమిటంటే మన ఎర్ర రక్తకణాల్ని కూడా పగలగొడుతుంది. మా అత్త ప్రశ్నకి అసలు జవాబు ఇదే.

వాళ్లు చేసింది చూడండి. ఆ పెప్టైడ్ చివర ఏడు పూసల ముక్క ఒకటుంది: సి-కె-ఐ-టి-ఆర్-కె-సి. రెండు కొసల్లో ఉన్న ‘సి’లు ఒకదానికొకటి ముడిపడి ఉంగరంలా ఉంటుంది. దాన్ని అక్కడ కత్తిరించి తెచ్చి మధ్యలో పెట్టారు. కొత్త పూస చేర్చలేదు, ఉన్నది తీయలేదు. కట్, పేస్ట్. రక్తకణాల్ని పగలగొట్టే గుణం బాగా తగ్గింది, బ్యాక్టీరియాని చంపే గుణం నిలబడింది. మొత్తం బరువు మాత్రం అదే, పూసలన్నీ అవే కదా. ఇది చదివాక నాకు రెండు రోజులు పని మీద మనసు నిలవలేదు. పాతికేళ్ల కిందట, మా ఆఫీసుకి బస్సు దూరంలో, ఎవరో కూర్చుని ఒక వాక్యంలో మాటల వరస మార్చి దాని విషం తగ్గించారు. మనకి యూనికార్న్ స్టార్టప్‌ల పేర్లు నోటికొచ్చు, ఇది ఎవరూ చెప్పలేదు.

కేరళ వాళ్ల కథ కొంచెం పేపర్లలోకి వచ్చింది. తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ వాళ్లు, అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ వాళ్లు కలిసి పశ్చిమ కనుమల కప్ప ఒకదాని చర్మంలోని 32 పెప్టైడ్లని ఫ్లూ వైరస్ మీద పరీక్షించారు. నాలుగు పనిచేశాయి. వాటిలో మనిషి కణాల జోలికి పోనిదానికి ‘ఉరుమిన్’ అని పేరు పెట్టారు. ఉరుమి అంటే కొరడాలా ఊగే వాళ్ల పాత కత్తి. 2017లో అచ్చయింది. ఎలుకల్ని కొన్ని రకాల ఫ్లూ నుంచి కాపాడింది, అన్ని రకాల నుంచీ కాదు. పేరు పెట్టడం మాత్రం అదిరింది. మన తూర్పు కనుమల కప్పలో ఏదైనా దొరికితే ‘థింసిన్’ అని పెట్టాలని బావతో అన్నాను. థింసా నృత్యం పేరు మీద. “ముందు కప్ప పేరు తెలియాలి కదరా” అన్నాడాయన.

ఆ మాటలో పాయింటుంది. ఈ పెప్టైడ్లు జాతి జాతికీ మారిపోతాయి. ఒక కప్పలో ఉన్న దండలు పక్క గెడ్డలో ఉన్న వేరే జాతి కప్పలో ఉండవు. కాబట్టి ఏ కప్పలున్నాయో తెలియడమే మొదటి మెట్టు. మన తూర్పు కనుమల నుంచి ఫిలాటస్ టెరెబ్రాన్స్ అనే చిన్న పొద కప్పని ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా శాస్త్రలోకానికి పరిచయం చేసింది 1998లో. అంటే నేను పుట్టాక. అదే సమయంలో ప్రపంచంలో ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2023లో లెక్క తేలింది. తక్కెడలు రోజురోజుకీ మెరుగవుతున్నాయి, తూచాల్సినవి తగ్గిపోతున్నాయి. ఇంకొక్క మాట. రేపు అక్కడి కప్పలో నిజంగా మందు దొరికితే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అందులో ఆ ఊరివాళ్లకీ వాటా ఉండాలి. అరకు కాఫీ పారిస్ దాకా వెళ్లింది, సంతోషమే. ఫ్లాష్ వద్దని నా చెయ్యి ఆపినాయన దాకా ఎంత వచ్చిందన్నది కూడా అడగాలి కదా.

ఇంతకీ పెక్సిగనాన్ ఏమైందో చెప్పలేదు. ఆ రాత్రి బెంచీ మీద నేను చదివింది దాని పుట్టుక మాత్రమే, మిగతా కథ తర్వాత చదివాను. మగైనిన్‌ని కొంచెం మార్చి తయారుచేశారు. షుగర్ పుండ్ల మీద పెద్ద పరీక్షలు జరిగాయి. నోటితో వేసుకునే మామూలు యాంటీబయోటిక్ మాత్రతో దాదాపు సమానంగా పనిచేసింది. సమానం అయితే కొత్తది ఎందుకన్నారు. 1999లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు. ఇంకో కంపెనీ మళ్లీ ప్రయత్నించింది, 2016లో ఆ పరీక్షలూ తప్పాయి. పుండు అంటే బ్యాక్టీరియా ఒక్కటే కాదు. రక్తం సరిగ్గా అందదు, నరాలు చచ్చుబడి ఉంటాయి, నడిచిన ప్రతిసారీ బరువు అక్కడే పడుతుంది. గాజు పళ్లెంలో గెలిచింది కాలి మీద గెలవాలని లేదు.

నాన్నకి రెండో వేలు తీసేశారు. ఎస్ అని ఉన్న నాలుగు మందుల్లో ఒకటి ఇంజక్షన్ రూపంలో రెండు వారాలు ఎక్కించారు. ఆ తర్వాత రోజూ డ్రెస్సింగ్, కాలు కింద పెట్టకుండా ఉండటం, షుగర్ అదుపు. దసరా నాటికి పుండు మూసుకుంది. కప్పలకి ఇందులో ఏ పాత్రా లేదు. ఆ మిగిలిన నాలుగు ఎస్‌లు మాత్రం నాకు గుర్తుండిపోయాయి. పద్నాలుగులో నాలుగు. ఇంకో పదేళ్లకి నాకూ షుగర్ వస్తే (మా ఇంట్లో వరస చూస్తే వస్తుందనే అనిపిస్తుంది), ఆ కాగితంలో ఎన్ని ఉంటాయో.

నా ప్రోగ్రామ్ ఇప్పుడు దశాంశాలతో లెక్క వేస్తోంది, లైసీన్ గొడవ తీరింది. 128 కాస్తా 8 అయింది. ఆ ఎనిమిది లూసీన్లవి, అవి నా చేతిలో లేవు. పరిశోధకులు అందరికీ తెరిచి ఉంచిన కప్ప పెప్టైడ్ల డేటా దించుకుని, శనివారాలు దాని మీద నడుపుతున్నాను. నాన్న వీడియో కాల్‌లో, “ఏమైంది, నీ బస్సులు ఎక్కాయా?” అని అడుగుతుంటారు.

బావ స్కూల్లో పిల్లలు ఒక నోట్‌బుక్ పెట్టారు. వాన పడ్డ రాత్రి ఏ కూత ఎక్కడ వినిపించిందో రాసుకోవడం. వాళ్లకి వాళ్లే పేర్లు పెట్టుకున్నారు: రాళ్ల కప్ప, తలుపు కప్ప, మోటారు కప్ప. బావ రికార్డింగులు వాట్సాప్‌లో పంపిస్తుంటాడు. వాళ్ల లెక్కలో ఇప్పటికి పదకొండు గొంతులున్నాయి. పదిటిని టార్చి వెలుగులో చూశారు, పదకొండోది వినడమే, ఇంకా ఎవరికీ కనపడలేదు. సిల్వర్ ఓక్ పైన ఎక్కడో ఉంటుందని పెద్దాయన అంటున్నాడు. వచ్చే నెల వానలకి నాన్న కూడా వస్తానన్నారు. ఘాట్ మీద కారు ఆయనే నడుపుతారట. డాక్టర్‌ని అడగాలి.